కూపు రోడ్ల వెంట: జన్నారం నుంచి మహబూబ్ ఘాట్ దాకా

బండి పోని దారి చూడటానికి బండేసుకుని పోవడమేమిటని ఇంట్లో అడిగారు. అడగాల్సిన మాటే. హనుమకొండ నుంచి జనం లక్నవరం పోతారు, రామప్ప పోతారు, వానలు పడితే బొగత పోతారు. మేం పోయింది కడెం నది పరీవాహకంలోని అడవుల్లోకి. కూపు అంటే అడవిలో కలప నరికే చోటు. ఒకప్పుడు టేకు దుంగలు, వెదురు మోసిన లారీలు తిరిగిన కూపు రోడ్లు అక్కడ ఇంకా ఆనవాళ్లతో ఉన్నాయి. చాలావాటికి అటవీ శాఖ అడ్డంగా కందకం తవ్వి, రాళ్లు పోసి, రాకపోకలు ఆపేసింది. ఆ దారుల్లో చట్టం ఒప్పుకున్నంత మేర ఎంత చూడొచ్చు, ఎక్కడ ఉండొచ్చు, పెట్టిన డబ్బుకు ఏం దొరుకుతుంది అన్నదే ఈ రాత.

కరీంనగర్ దాకా రోడ్డు గురించి వరంగల్ వాళ్లకు కొత్తగా చెప్పేదేం లేదు. ఆ పైన జగిత్యాల, ధర్మపురి, రాయపట్నం వంతెన మీదుగా గోదావరి దాటితే లక్షెట్టిపేట. టిఫిన్, పెట్రోలు, నగదు, మూడూ ఇక్కడే చూసుకోవాలి. దండేపల్లి దాటాక ఫోన్ సిగ్నల్ వస్తూ పోతూ ఉంటుంది, జన్నారంలో మళ్లీ దొరుకుతుంది. సఫారీ టికెట్టుకు ఫోన్‌తోనే డబ్బు కట్టేద్దామనే ధీమా వద్దు, జేబులో నోట్లుండాలి.

జన్నారంలో బస విషయానికొస్తే పర్యాటక శాఖ వాళ్ల హరిత కాటేజీలు ఉన్నాయి. అడవికి దగ్గర, సఫారీ బండి ఎక్కడానికి పొద్దున్నే పరుగెత్తాల్సిన పని లేదు. పిల్లాపాపలతో వచ్చేవాళ్లు ఇక్కడే దిగడం మేలు. శని, ఆదివారాలకు ముందుగా బుక్ చేసుకోకపోతే కష్టం. ఊళ్లో ప్రైవేటు గదులు కూడా ఉన్నాయి, మంచం, ఫ్యాను, బకెట్టు, అంతే. మేం నలుగురం మగవాళ్లం కాబట్టి సర్దుకున్నాం. భోజనం మాత్రం కాటేజీల్లో కంటే బస్టాండు దగ్గరి మెస్సులో బాగుంది. అన్నం, పప్పు, పచ్చిపులుసు, నాటుకోడి కూర. కూర కావాలంటే పొద్దున్నే చెప్పి పోవాలి, అప్పటికప్పుడు అడిగితే బ్రాయిలరే.

సఫారీ గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే చాలామంది పులి కోసం పోయి ముఖం మాడ్చుకుని తిరిగొస్తున్నారు. ఈ సఫారీ తిరిగే కవ్వాల్ అడవిని 1965లో అభయారణ్యంగా ప్రకటించారు, 2012లో టైగర్ రిజర్వ్ అయింది. కోర్ ఏరియా 890 చదరపు కిలోమీటర్లకు పైనే, దాని చుట్టూ బఫర్ అంతకంటే ఎక్కువ. మహారాష్ట్ర తడోబా వైపు నుంచి పులులు వస్తూ పోతూ ఉంటాయి. అవి మన సఫారీ టైముకు రోడ్డు మీదికి వస్తాయని ఎవరూ హామీ ఇవ్వరు, ఇవ్వకూడదు కూడా. మాకు కనిపించినవి చుక్కల జింకలు, ఒక కొండగొర్రె, నెమళ్లు, దూరంగా అడవిదున్న వీపు. మా బామ్మర్ది దాన్ని ఎలుగుబంటి అని వాదించి ఓడిపోయాడు.

నాకైతే జంతువుల కంటే దారే ఎక్కువ నచ్చింది. సఫారీ జీపు తిరిగే బాటల్లో కొన్ని పాత కూపు రోడ్లే, అటవీ శాఖ తన గస్తీ కోసం బాగు చేసుకుని వాడుకుంటోంది. వాటికి అటూ ఇటూ చీలిపోయే మిగతా బాటలను వదిలేశారు. ఒకచోట వాచ్‌టవర్ దగ్గర దిగనిచ్చారు. దాని వెనకాలే ఒక చీలిక. చక్రాల గాడులు రెండూ ఇంకా తెలుస్తున్నాయి, కానీ గాడుల మధ్య ఎత్తులో టేకు మొక్కలు మణికట్టు లావున లేచాయి. పది అడుగుల్లో వాగు. దాని మీద చెక్కిన రాళ్లతో కట్టిన చిన్న తూము. సిమెంటు ఎక్కడా లేదు, రాళ్ల సందుల్లో పాత సున్నం గట్టిగా పట్టుకుని ఉంది. పైన మొరం మాత్రం వానకు కొట్టుకుపోయింది. తూము పక్కన మట్టిలో సగం కూరుకుపోయిన ఇనుప పట్టీ ఒకటి కనిపించింది. లారీ కమాను పట్టీ, మధ్యకు విరిగింది. ఓవర్‌లోడ్‌తో ఆ గతుకులో దిగినప్పుడు విరిగి ఉంటుంది. ఆ రాత్రి ఆ డ్రైవరు, క్లీనరు అక్కడే పడుకున్నారో, దుంగలు దించి పోయారో.

మాతో వచ్చిన అటవీ శాఖ వాచర్ ఆ పక్క గూడెం మనిషే. చిన్నప్పుడు వాళ్ల నాయన కూపుల్లో కూలికి పోయేవాడట. "పొద్దుగాల్ల ఒక లారీ పోతె పగటీలి దాక దుమ్ము ఆగకపోయేది సారూ. వెదురంత కాగజ్‌నగర్ మిల్లుకే. గిప్పుడు గీ బాటల జింకలే నడుస్తున్నయ్" అన్నాడు. నిజమే, గాడిలో మెత్తటి మట్టి మీద అన్నీ గిట్టల గుర్తులే. లారీలు తొక్కి చదును చేసిన నేల జంతువులకు కూడా సుఖంగా నడిచే దారి అయింది.

మా బామ్మర్దికి కొత్తగా కొన్న థార్ ఉంది. ఇంత దూరం అది నడిపించుకుంటూ వచ్చిందే ఏదో ఒక పాత బాటలో దించుదామని. తిరిగి వచ్చేటప్పుడు బఫర్ అంచున ఒక కందకం కనబడింది. జేసీబీతో తవ్వింది, మనిషి నడుము లోతు, తీసిన మట్టంతా అవతలి గట్టున పోసి ఉంది. వాడు దిగి చూశాడు. "అన్నా, ఫోర్ బై ఫోర్‌ల పెడితే ఎక్కదా?" అని వాచర్‌నే అడిగాడు. "ఎక్కుతది సారూ, ఎందుకెక్కదు. ఎనకనే కేసు గూడ ఎక్కుతది" అన్నాడాయన, నవ్వకుండా. అనుమతి లేకుండా అభయారణ్యంలోకి బండి దింపితే 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద కేసు, బండి సీజ్. థార్ పెట్టుకున్న తమ్ముళ్లకు నా సలహా ఒకటే: అది జన్నారం దాకా తెచ్చుకోండి, చెట్టు కింద పెట్టండి, సఫారీ జీపెక్కండి. వీడియోల కోసం కందకాలు దాటిన బండ్ల గాడులు అక్కడక్కడా కనిపించాయి. వాన పడితే ఆ గాడి కాలువవుతుంది, ఆ కాలువ మరుసటి ఏటికి కోత అవుతుంది. మొరం నేల అంతే.

ఈ మూసివేతలో రెండో ముఖం కూడా చెప్పకపోతే తప్పు. జన్నారం నుంచి ఇందన్‌పల్లి మీదుగా కడెం వైపు పోతుంటే రోడ్డు పొడుగునా అటవీ చెక్‌పోస్టులు తగులుతాయి. భారీ వాహనాల మీద పెట్టిన ఆంక్షలపై ఇక్కడి వాళ్లలో కోపం కనిపించింది. వడ్లు అమ్ముకునే రైతుకు లారీ దొరికేది కాదు, దొరికినా చుట్టు తిరిగి రావాల్సి వచ్చేది, ఆ కిరాయి ఎవరి నెత్తిన పడేది? లోపలి గూడేలకైతే తారు రోడ్డు వేయాలంటే అటవీ అనుమతులు, ఫైళ్లు, ఏళ్లు. మనకు ముచ్చటైన పాత బాట నెలలు నిండిన మనిషిని మంచం మీద మోసుకొచ్చే వాళ్లకు ముచ్చట కాదు. కడెం మండలంలోని రాంపూర్, మైసంపేట గూడేలను కోర్ ఏరియా నుంచి తరలించి 2024లో కొత్త మద్దిపడగ దగ్గర ఇళ్లు కట్టిచ్చారు. పాత గూడేల వైపు బాట ఇప్పుడు మనలాంటి వాళ్లకు లేదు. మేం మెయిన్ రోడ్డు మీది నుంచే చూసి కదిలాం. మనుషులు మొన్నటిదాకా ఉన్న ఊళ్లను ఫొటోలు తీసుకోవడానికి వెతుక్కుంటూ పోవడం నాకు నచ్చదు.

కడెం ప్రాజెక్టు దగ్గర ఆగితే అరగంట చాలు. 2022 జులై వరదలో 18 గేట్లలో 17 ఎత్తినా నీళ్లు కట్ట మీది నుంచి పొర్లే దాకా వచ్చిన డ్యామ్ ఇదే. కట్ట మీద నిలబడి ఎగువన కొండల వరస చూస్తే మూసేసిన దారులన్నీ ఎటువైపు పోయేవో ఒక అంచనా వస్తుంది. చేపల ఫ్రై దొరుకుతుంది, తినే ముందు రేటు అడగండి.

ఖానాపూర్ మీదుగా నిర్మల్ చేరేసరికి చీకటి పడింది. ఇక్కడ బస గురించి ఒక ఫిర్యాదు ఉంది. ఫోన్లో ఒక రేటు చెప్పి, కౌంటర్ దగ్గర మరో రేటు చెప్పిన లాడ్జి అది. పేరెందుకు గానీ, గీజర్ ఉందన్నారు, ఉంది, గోడకు వేలాడుతూ ఉంది, వైరే లేదు. నిర్మల్‌లో గదులకు కొదవ లేదు కాబట్టి డబ్బు కట్టే ముందు పైకెళ్లి గది చూసి, కుళాయి తిప్పి, అప్పుడే కిందికి రండి. మంచి విషయమేమిటంటే పొద్దున్నే ఊళ్లో తిరగొచ్చు. పొనికి కర్రతో చేసే కొయ్యబొమ్మలు తయారీ చోటనే కొనుక్కోవచ్చు.

ఇక మహబూబ్ ఘాట్. మొత్తం తిరుగుడులో నేను మళ్లీ పోతానంటే ఇక్కడికే పోతాను. కాశీ నుంచి కన్యాకుమారి దాకా పోయే పాత 7వ నంబరు జాతీయ రహదారి నిర్మల్ నుంచి నేరడిగొండకు ఈ ఘాట్ మీదుగానే ఎక్కేది. 2010లో నంబర్లు మార్చి 44 అన్నారు, నాలుగు వరసల రోడ్డు వేరే దారిలో పడింది. లారీలన్నీ అటు మళ్లాయి. ఘాట్ మూతపడలేదు, ఊళ్ల వాళ్ల బైకులు, ఆటోలు, మనలాంటి వాళ్ల కార్లు తిరుగుతూనే ఉంటాయి. కానీ ఇన్నేళ్లు దేశం సరుకంతా మోసిన రోడ్డు మీద ఇప్పుడు కొండముచ్చులు కాళ్లు చాపుకుని కూర్చుంటున్నాయి.

బండి కిందనే పెట్టి కొంత దూరం నడిచాం. నడిస్తేనే ఆ రోడ్డు పనితనం తెలుస్తుంది. కొండ వైపు రాతి కాలువ, లోయ వైపు నడుమెత్తు పిట్టగోడ, ప్రతి మలుపులో రోడ్డు లోపలి వైపుకు వాలి ఉంటుంది, బరువు బండి బయటికి తూలకుండా. పిట్టగోడకు అక్కడక్కడా పాత రాళ్ల మధ్య కొత్త సిమెంటు అతుకులు, ఏదో ఒక లారీ గుద్దిన చోట్లు. పొదలో పసుపు తల మైలురాయి ఒకటి నాచు పట్టి ఉంది. గీకితే 7 అంకె బయటపడింది.

దగ్గరలో టీ కొట్టు నడిపే పెద్దాయన ఒకప్పుడు నాగపూర్, హైదరాబాద్ మధ్య లారీ తోలాడట. లోడుతో నిర్మల్ వైపు దిగడం ఎట్లా ఉండేదని కదిపితే చాలు, గంట కూర్చోబెట్టాడు. "బ్రేకు మీద కాలు పెట్టి దిగినోడు డ్రైవరే గాదు తమ్మీ. పైననే సెకండ్ గేర్ల ఏసి ఇంజన్ మీద దించాలె. బ్రేకు తొక్కుకుంట వస్తె సగం దిగేసరికి డ్రమ్ములు ఎర్రగైతయ్, కాలిన వాసన మనకంటె ముందుగాల నిర్మల్‌ల దిగుతది." ఎక్కేటప్పుడు క్లీనర్ చేతిలో చెక్క దిమ్మ పట్టుకుని బండి పక్కనే నడిచేవాడట, ఆగితే వెనక చక్రం కింద పెట్టడానికి. నాలుగు వరసల రోడ్డు వచ్చాక వ్యాపారం పోలేదా కాకా అంటే, "పోయింది, నిద్రొచ్చింది" అన్నాడు. ఆయన టీ మాత్రం చక్కెర పాకంలా ఉంటుంది, చక్కెర తక్కువ అని గట్టిగా చెప్పండి.

ఘాట్‌కు వానలు తగ్గిన ఆశ్వయుజ, కార్తీక మాసాలు మంచివి. పచ్చగా ఉంటుంది, రోడ్డు జారదు. నడి వానాకాలంలో మంచు దిగి అందంగా ఉంటుందని చాలామంది పోతారు, నిజమే, కానీ కొండ నుంచి రాళ్లు జారే రోజులవి. జన్నారం సఫారీ కూడా వానాకాలంలో ఉండదు. ఎండాకాలం టేకు ఆకు రాలి అడవంతా బోడిగా ఉంటుంది, జంతువులు మాత్రం నీటి గుంటల దగ్గర సులువుగా కనిపిస్తాయి. ఏది కావాలో మీరే తేల్చుకోండి.

కుంటాల గురించి క్లుప్తంగా చెప్తాను. ఘాట్ ఎక్కి నేరడిగొండ చేరితే దగ్గరే. కడెం నది 45 మీటర్ల ఎత్తు నుంచి దూకుతుంది, దాని కింద కోసుకున్న లోయ వెంబడి చూస్తే కళ్లు తిరుగుతాయి. చూడాల్సిందే, కాదనను. కానీ ఆదివారం పోవద్దు. వందల మెట్లు దిగాలి, మళ్లీ ఎక్కాలి, మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లను పైనున్న చోటు నుంచే చూపించండి. నీళ్లలో దిగి ప్రాణాలు పోగొట్టుకున్న వాళ్లు ఎందరో, ఆ గుండాలు పైకి కనిపించేంత నిమ్మళంగా ఉండవు. ఇనుప కంచె వేసిన చోట దాన్ని దాటి సెల్ఫీలు దిగే కుర్రాళ్లను చూసి మా గుంపులో ఒకాయన గొంతు చించుకుని అరిచాడు, వాళ్లు చేయి ఊపారు.

డబ్బు లెక్కన చూస్తే సఫారీ, కాటేజీ కలిపి అయ్యే ఖర్చులో సగంతో ఘాట్, కుంటాల, పొచ్చెర జలపాతం మూడూ తిరిగి రావొచ్చు. అయినా జన్నారం వదిలేయొద్దు, మూసేసిన కూపు రోడ్డును లోపలి నుంచి చూపించే దారి అదొక్కటే. మేం పోయిన వరసే నా మాట: ముందు జన్నారం, పొద్దున సఫారీ, కడెం, రాత్రికి నిర్మల్, మర్నాడు పొద్దున్నే ఘాట్. తిరుగు ప్రయాణం నేరడిగొండ దగ్గర 44 ఎక్కి ఆర్మూర్, మెట్‌పల్లి, జగిత్యాల మీదుగా పెట్టుకుంటే చీకటి పడ్డాక అడవి రోడ్డు తగలదు.