ఆరేళ్ల తర్వాత మళ్లీ కౌంటర్ స్ట్రైక్‌లోకి

కౌంటర్ స్ట్రైక్ అనే కంప్యూటర్ తుపాకీ ఆటలో, బనానా అనే సందు మొదట్లో పొగ చిమ్మే స్మోక్ వేశాను. హమ్మయ్య అనుకుని రీలోడ్ నొక్కాను. ఇన్ఫెర్నో మ్యాప్‌లో, అవతలివాళ్లు బాంబు పెట్టకుండా కాపలా కాసే వైపు ఆడేటప్పుడు నా వేళ్లు వాటంతట అవే చేసే పని అది. పొగ ఉన్నంతసేపూ అవతలివాళ్లు రారు, వచ్చినా గుడ్డిగా రావాలి. అంతలో ఆ పొగ మధ్యలో ఒక గ్రెనేడ్ పేలింది. తెర లాగేసినట్టు పొగ పక్కకు తప్పుకుంది. ఎదురుగా ముగ్గురు, మూడు ఏకే రైఫిళ్లు, నా చేతిలో సగం ఎక్కిన మ్యాగజైన్.

"స్మోక్‌ని నమ్ముకుని నిలబడ్డావేంటి మామా? ఇంకా గో ఆడుతున్నావా?" అన్నాడు హెడ్‌సెట్‌లో మావాడు.

వాడన్నదాంట్లో తప్పేం లేదు. 2014 నుంచి 2019 దాకా నేను ఆడింది సీఎస్ గో, అంటే ఈ ఆట పాత రూపం. దాదాపు 1,900 గంటలు. తర్వాత పని, పెళ్లి, పాప. ఆరేళ్లు మౌస్‌తో లెక్కల పట్టికలు తప్ప ఇంకేం కాల్చలేదు. ఈలోగా 2023 సెప్టెంబర్ 27న కౌంటర్ స్ట్రైక్ 2 వచ్చి, పాత ఆట ఉన్న చోటనే కూర్చుంది. గత ఏడాది ఒకరాత్రి నిద్రపట్టక స్టీమ్‌లో నా ఆటల లైబ్రరీ తెరిస్తే, నా గంటలు అలాగే ఉన్నాయి, ఏకే మీద నేను ముచ్చటపడి పెట్టుకున్న రెడ్‌లైన్ స్కిన్ (తుపాకీకి వేసే రంగుల తొడుగు) కూడా అలాగే ఉంది. ఆట మాత్రం వేరు. అప్పటి నుంచి ఇంకో 400 గంటలు ఆడాక రాస్తున్నాను.

నేను భయపడింది చేతుల గురించి. ముప్పై దాటాక రిఫ్లెక్సులు పోతాయంటారు కదా. పోయాయి, కొంచెం. కానీ రెండు వారాలు రోజూ అరగంట, చచ్చినా వెంటనే లేచి ఆడే డెత్‌మ్యాచ్ ఆడితే ఏకే పట్టు తిరిగొచ్చింది. మొదటి బుల్లెట్ తల ఎత్తులో పెట్టడం, ఆపకుండా స్ప్రే కొడితే మౌస్ కిందికి లాగి ఆ తర్వాత పక్కలకు తిప్పడం, ఇవి సైకిల్ తొక్కడంలాంటివి. ఏ మూల నుంచి ఎవడు తొంగిచూస్తాడో కూడా మర్చిపోలేదు. మిరాజ్ మ్యాప్‌లో కళ్లు మూసుకుని తిరగగలను.

నన్ను ముంచింది ఆ మర్చిపోకపోవడమే. కొత్తగా వచ్చిన కుర్రాడు ఏమీ తెలియక జాగ్రత్తగా ఆడతాడు. నాకు అంతా తెలుసు, అయితే తెలిసిందంతా 2019 నాటిది.

ఏడబ్ల్యూపీ అనే స్నైపర్ తుపాకీ సంగతే చూడండి. ధర ఆటలోని డబ్బుల్లో అదే 4,750. అదే బరువు, అదే చప్పుడు. నేను ఆట మానేసేనాటికి మ్యాగజైన్‌లో పది గుళ్లుండేవి. 2022 చివర్లో దాన్ని ఐదు చేశారట, నాకెవరు చెప్తారు? డస్ట్2 మ్యాప్ మధ్యదారిలో ఐదు కాల్చి, ఆరోది నొక్కి, అది పేలకపోతే మౌస్ పాడైందనుకున్నాను. నిజంగానే మౌస్ ఎత్తి చూశాను. ఆ లోపు చచ్చిపోయాను.

పొగ గురించి మాత్రం వివరంగా చెప్పాలి, ఈ ఆటలో అసలు మార్పు అదే. గోలో స్మోక్ అంటే గోడ. విసిరామా, దాని టైమ్ అయ్యేదాకా కదలదు. ఇప్పుడది నిజం పొగలా ఉన్న చోటును బట్టి వ్యాపిస్తుంది. ఇరుకు సందులో వేస్తే పొడుగ్గా సాగుతుంది, గుమ్మంలోంచి పక్కగదిలోకి పోతుంది. తుపాకీ కాలిస్తే సన్నటి సొరంగాల్లా దారులు పడి వెంటనే మూసుకుపోతాయి. గ్రెనేడ్ పేలితే ఓ క్షణం పెద్ద కంతే పడుతుంది. అందరికీ ఒకేలా కనిపిస్తుంది కాబట్టి "నాకు కనపడింది, నీకు కనపడలేదు" అనే పాత గొడవ కూడా పోయింది. నాకు రెండు నెలలు పట్టింది ఇది తలకెక్కడానికి. ఇప్పుడు నా చేతిలో గ్రెనేడ్ ఉంటే దాన్ని పడేయను, వాళ్ల పొగ కోసం దాచుకుంటాను.

మ్యాచ్ పొట్టిదైంది. పదహారు రౌండ్లు గెలవాల్సిన చోట ఇప్పుడు పదమూడు చాలు. పాప నిద్రపోయాక ఒక మ్యాచ్ ఆడుకునే నాలాంటివాడికి ఇది వరం. కానీ సగానికి పన్నెండు రౌండ్లే కాబట్టి ప్రతి సగం మొదట్లో పిస్టళ్లతో ఆడే పిస్టల్ రౌండ్ పోతే దెబ్బ గట్టిగా తగులుతుంది. మెల్లగా డబ్బు పోగేసుకుని పుంజుకుందాం అంటే రౌండ్లేవి? వరుసగా ఓడేకొద్దీ 500 చొప్పున పెరిగి 3,400 దగ్గర ఆగే డబ్బు సాయం అలాగే ఉంది, దాన్ని తినే తీరికే లేదు. పొరపాటున కొన్నదాన్ని వాడకముందు తిరిగిచ్చేయొచ్చు, అది బాగుంది. కంగారులో చాలాసార్లు కాపాడింది.

ర్యాంకు దగ్గర మాత్రం అహం దెబ్బతింది. పాత ఆటలో నేను లెజెండరీ ఈగల్ అనే పై ర్యాంకువాణ్ణి. ప్రీమియర్ అనే ర్యాంకుల పోటీలో పది గెలుపుల తర్వాత నాకిచ్చిన అంకె 4,312. ఐదు వేల లోపు అంటే బూడిద రంగు. ఈగల్ కాదు, బూడిదలో పిచ్చుక. ఇప్పుడు పదకొండు వేలు దాటి నీలంలో ఉన్నాను, మావాడు అంతకన్నా పైనున్న ఊదారంగులో ఉండి రోజూ గుర్తుచేస్తుంటాడు.

మోసపు సాఫ్ట్‌వేర్‌తో ఆడే చీటర్ల మాటేంటని అందరూ అడుగుతారు. నేనైతే మొదటి నెలలో నన్ను చంపిన ప్రతివాడినీ చీటర్ అన్నాను. తర్వాత డెమోలు, అంటే మ్యాచ్ రికార్డింగులు, పెట్టుకుని చూడటం అలవాటు చేసుకున్నాను. పదింట ఎనిమిది సార్లు నేనే చప్పుడు లేకుండా నడిపించే షిఫ్ట్ మీట వదిలేసి ధనధనమని పరిగెత్తి ఉంటాను. ఇప్పుడు మన చప్పుడు ఎంత దూరం పోతుందో రాడార్ మీద వలయంగా చూపిస్తారు. అది చూడనివాడికి ఎదుటివాడు చీటర్‌లాగే కనిపిస్తాడు. మిగతా రెండు సార్లు ఏమిటో నేనూ తేల్చలేను.

తిరిగి రావాలనుకునేవాళ్లు ముందు మెషీన్ చూసుకోండి. గో 15 జీబీలో సరిపోయేది, దీనికి 85 జీబీ అడుగుతున్నారు. గోను సాఫీగా నడిపిన నా పాత ల్యాప్‌టాప్ రెండు స్మోక్‌లు పడగానే నత్తలా అయిపోయేది, మార్చక తప్పలేదు. మాక్ వాడేవాళ్లకైతే దారే లేదు, మద్దతు తీసేశారు. ఏ స్కిన్ వస్తుందో తెలియని కేసుల (పెట్టెల) జోలికి వెళ్లకండి. స్కిన్ కావాలంటే ఆ స్కిన్నే కొనుక్కోండి, కేసులు తెరిచే తాళంచెవులు కొనడం జూదమే.

నాకు నచ్చిందా అంటే, పోయిన వారం ఆటే చెబుతాను. 11-12లో ఉన్నాం, ఓడితే ఇంటికే. ఇన్ఫెర్నోలో బాంబు పెట్టే చోట్లలో ఒకటైన బీ సైట్‌లో బాంబు పెట్టేశారు, మావాళ్లలో మిగిలింది నేనొక్కడినే, అటు ఇద్దరు. గుమ్మానికి అడ్డంగా స్మోక్ వేసి దాని వెనక తీరిగ్గా కూర్చున్నారు. నెలల తరబడి దాచుకోవడం నేర్చుకున్న గ్రెనేడ్ తీసి సరిగ్గా దాని నడుమ పేల్చాను. పొగ విచ్చుకుంది. ఇద్దరూ కనిపించారు, ఒకడి తల, ఇంకొకడి భుజం, మళ్లీ తల. హెడ్‌సెట్‌లో మావాడు అరుపులు. పరిగెత్తి బాంబును ఆపడానికి దాని మీద చేయి పెట్టాను. తొమ్మిది సెకన్లున్నాయి. బాంబు ఆపే కిట్ ఉంటే ఐదు చాలు, లేకపోతే పది కావాలి.

కిట్ 400. రౌండ్ మొదట్లో 300 పెట్టి ఆ గ్రెనేడ్ కొన్నాక నా దగ్గర మిగిలింది 350.