పాము పిల్లలకి ఆరు లీటర్ల డబ్బా: అనంతపురంలో నాలుగేళ్లు పెంచాక

నా దగ్గర కార్న్ స్నేక్ అనే విషం లేని పెంపుడు పాముల జత ఉంది. నాలుగేళ్లలో మూడుసార్లు పిల్లల్ని పెంచాను. మొదటిసారి గాజు ట్యాంకు కొన్నాను. తర్వాత క్లిప్పుల మూతున్న 6 లీటర్ల ప్లాస్టిక్ డబ్బాలకి మారాను. మళ్లీ గాజు జోలికి పోలేదు.

ట్యాంకు చూడ్డానికి బాగుంటుంది, కాదనను. కానీ గుడ్డులోంచి వచ్చిన పిల్ల జానెడు పొడవు, పెన్సిల్ కంటే సన్నం. అంత ఖాళీ జాగాలో బెదిరిపోయి తిండి ముట్టదు. మూత మూలన కాస్త సందున్నా చాలు, జారిపోతుంది. మొదటి ఏడాది ఒకటి అలాగే పోయింది. రెండు రోజులు ఇల్లంతా వెతికాం. చివరికి వంటింట్లో నీళ్ల కుండ కింద, తడి ఇసుకలో చుట్ట చుట్టుకుని కనిపించింది. మా ఊరి ఎండలో అది వెతుక్కున్నది చల్లగా, తడిగా, ఇరుకుగా ఉండే చోటు. డబ్బా ఎలా అమర్చాలో నాకు అక్కడే అర్థమైంది.

గాలి రంధ్రాలు సోల్డరింగ్ ఐరన్‌తో లోపలి నుంచి బయటికి పొడవండి. బయటి నుంచి పొడిస్తే కరిగిన అంచు లోపల గరుకుగా నిలుస్తుంది, పిల్ల దానికి మూతి రాసుకుని పుండు చేసుకుంటుంది. అడుగున టిష్యూ పేపర్, చిన్న నీళ్ల గిన్నె, దాక్కోడానికి అంచు విరిచి బోర్లించిన మట్టి ముంత. ఒక్కో డబ్బాకి ఒక్కటే పిల్ల. కలిపి ఉంచితే ఒకదాన్నొకటి మింగే ప్రమాదం ఉంది.

హీట్ మ్యాట్, అంటే కింది నుంచి వేడినిచ్చే కరెంటు చాప, మాకు డిసెంబర్, జనవరి రాత్రుల్లోనే అవసరం. డబ్బాలో మూడో వంతు కిందికి వచ్చేలా పెట్టి, వేడిని అదుపులో ఉంచే థర్మోస్టాట్‌ని 29 డిగ్రీలకి సెట్ చేస్తాను. ఒక రాత్రి దాని ప్రోబ్, అంటే వేడిని కొలిచే తీగ, టేపు ఊడి పక్కకి జారింది. మ్యాట్ ఆగకుండా కాలుతూనే ఉంది. తెల్లారి చూస్తే పిల్ల అవతలి గోడకి అతుక్కుని ఉంది, ఏమీ కాలేదు. అప్పటినుంచి విడిగా ఇంకో థర్మామీటర్ పెట్టాను. థర్మోస్టాట్ ఒక్కదాన్నే నమ్మకండి.

మార్చి చివర్లో మ్యాట్ తీసేస్తాను. అసలు టెన్షన్ అప్పుడే మొదలు. గది 35 దాటితే పిల్ల ప్రాణానికే ముప్పు. డబ్బాలు లోపలి గదిలో, గోడ అలమరా కింది అరలో కడప బండ మీదికి మారతాయి. కరెంటు పోతే గడ్డకట్టిన నీళ్ల బాటిల్‌ని గుడ్డలో చుట్టి డబ్బా పక్కన ఆనిస్తాను, లోపల మాత్రం పెట్టను.

పొడి గాలికి కుబుసం సరిగా ఊడదు. కళ్లు నీలంగా మసకబారగానే, కంత చేసిన పెరుగు డబ్బాలో తడి గుడ్డ వేసి లోపల ఉంచుతాను. తోక కొసన పాత చర్మం ఉంగరంలా మిగిలితే రక్తం ఆడక కొస ఎండిపోతుంది. అందుకే ఊడిన కుబుసాన్ని వేలితో సాగదీసి, కొస దాకా వచ్చిందో లేదో ప్రతిసారీ చూస్తాను.

మొదటి కుబుసం వారం, పది రోజులకి విడుస్తుంది. అప్పటిదాకా కడుపులోని పచ్చసొనే ఆహారం, తిండి పెట్టొద్దు. తర్వాత పింకీలు, అంటే వెంట్రుకలు రాని ఎలుక పిల్లలు, ఐదారు రోజులకొకటి. పాము ఒంట్లో లావైన చోటికి మించకూడదు. ఫ్రీజర్‌లోంచి తీసి రాత్రంతా ఫ్రిజ్ కింది అరలో ఉంచి, పొద్దున కవర్లో పెట్టి గోరువెచ్చని నీళ్లలో ముంచుతాను. చల్లగా ఉంటే వాసన చూసి తల తిప్పేసుకుంటాయి. తినని పిల్లని పింకీతోపాటు రంధ్రాలున్న చిన్న కప్పులో మూతపెట్టి రాత్రంతా చీకట్లో వదిలేస్తాను. పోయినసారి మొండికేసిన మూడిట్లో రెండు అలాగే దారికొచ్చాయి. మూడోది 23వ రోజున పొడుస్తున్నట్టు ఒక్క దెబ్బకి పట్టి మింగింది. ఆ క్షణం నేను ఊపిరి బిగబట్టుకుని నిలబడ్డాను. మింగాక రెండు రోజులు ముట్టుకోకూడదు, కక్కేస్తాయి.

నాగులచవితికి పక్కింటి అవ్వ గ్లాసుడు పాలు తెచ్చింది. పాములు పాలు తాగవవ్వా, నీళ్లే చాలు అని చెప్పి, గిన్నెలో నీళ్లు ఆమె చేతే పోయించాను.

చాలామంది జెర్రిపోతు పిల్ల దొరికింది, పెంచొచ్చా అని అడుగుతున్నారు. వద్దు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అది నేరం. అటవీ శాఖకి అప్పగించండి. కార్న్ స్నేక్ అమెరికా జాతి, ఇక్కడి అడవి పాము కాదు. బాల్ పైథాన్ లాంటి సైటీస్ (వన్యప్రాణుల వ్యాపారంపై అంతర్జాతీయ ఒప్పందం) జాబితా జాతులైతే కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ పోర్టల్‌లో నమోదు తప్పనిసరి.

డబ్బాలో ఒకే లోపం, క్లిప్పులు రెండేళ్లకి ఎండకి పెళుసై విరిగిపోతాయి. నాకు నాలుగు విరిగాయి. ఇప్పుడు మూత మీదుగా వెడల్పాటి రబ్బరు పట్టీ కూడా బిగిస్తున్నాను.