స్ప్రింగ్ బూట్‌తో ఆరేళ్ళు: ఉల్లి సీజన్‌లో నన్ను ముంచిన ఒక్క లైను

కర్నూలులో ఒక కమీషన్ మండీ వాళ్ళకు 2019లో స్ప్రింగ్ బూట్‌తో (జావాలో వెబ్ అప్లికేషన్లు కట్టే ఫ్రేమ్‌వర్క్) లెక్కల అప్లికేషన్ చేసిచ్చాను. రైతు దించిన లాట్లు, కాటా తూకం, వేలం ధర, హమాలీ, కమీషన్, అన్నీ పోగా రైతు చేతికి ఎంత వస్తుంది అనేదే దాని పని. ఇప్పటికీ అదే నడుస్తోంది, నేనే చూసుకుంటున్నా. కాబట్టి స్ప్రింగ్ బూట్ ఎలా మొదలుపెట్టాలి లాంటివి ఇక్కడ ఉండవు. నాకు దాంతో ఉన్న గొడవ ఒక్కటే, ఓపెన్-ఇన్-వ్యూ అనే ఒక సెట్టింగు.

అప్లికేషన్ స్టార్ట్ చేసినప్పుడల్లా నా ల్యాప్‌టాప్‌లో పసుపు రంగులో ఒక వార్నింగ్ లైను వచ్చేది. ఓపెన్-ఇన్-వ్యూ డిఫాల్టుగా ఆన్‌లో ఉంది, పేజీ తయారయ్యేటప్పుడు కూడా డేటాబేస్‌కి క్వెరీలు వెళ్ళొచ్చు, కావాలో వద్దో మీరే సెట్ చేసుకోండి అని దాని సారాంశం. మూడేళ్ళు రోజూ చూశాను, గోడ మీద బల్లిని చూసినట్టు. అది దాని దారిన అది, నా దారిన నేను.

2022 సెప్టెంబరు, ఉల్లి జోరుగా దిగుతున్న రోజులు. పొద్దున పదింటికి కాటా దగ్గర గుమాస్తా ఫోన్ చేశాడు. "సార్, సేవ్ కొడితే గుండ్రంగా తిరుగుతానే ఉంది సార్." సర్వర్ చూస్తే ప్రాసెసర్ అయిదు శాతం కూడా వాడట్లేదు, మెమరీ బోలెడంత ఖాళీ. లాగ్‌లో మాత్రం వరసగా ఒకటే ఎర్రర్: 30000 మిల్లీసెకన్లు ఎదురుచూసినా కనెక్షన్ దొరకలేదు అని హికారీ ఏడుపు. డేటాబేస్ కనెక్షన్లను ఒక పూల్‌లో ఉంచి, అడిగిన రిక్వెస్టుకి ఇచ్చి, పనయ్యాక వెనక్కి తీసుకునేది ఈ హికారీయే. హికారీ పూల్‌లో డిఫాల్టుగా ఉండేవి 10 కనెక్షన్లు. సరే, డేటాబేసే మొరాయించిందేమో అనుకుని మా డేటాబేస్ పోస్ట్‌గ్రెస్‌లోకి వెళ్ళి చూశా. పదికి పది కనెక్షన్లూ 'ఐడిల్' అని ఉన్నాయి. పని చేసేవాడు ఒక్కడూ లేడు, కుర్చీ మాత్రం ఒక్కటీ ఖాళీ లేదు.

రీస్టార్ట్ చేస్తే పది నిమిషాలు నడుస్తుంది, మళ్ళీ అదే కథ. పూల్‌ని 50 చేశాను, ఇంకో ఇరవై నిమిషాలు వచ్చింది. ఈలోపు గుమాస్తాలు సేవ్ మీద సేవ్ కొడుతున్నారు, ప్రతి నొక్కుడూ ఇంకో రిక్వెస్టు. మండీ పెద్దాయన ఫోన్ లాక్కుని "ఏమప్పా, మా పుస్తకమే నయం గదా" అన్నాడు. ఏం చెప్పాలి, అన్నాను.

మధ్యాహ్నం థ్రెడ్ డంప్ (అప్లికేషన్‌లో ఏ పని ఎక్కడ ఆగిందో చూపే జాబితా) తీస్తే అసలు సంగతి బయటపడింది. తూకం సేవ్ అయ్యాక రైతు ఫోన్‌కి లాట్ నంబరు, క్వింటాళ్ళు మెసేజ్ వెళ్తుంది. దాన్ని పంపేది కంట్రోలర్‌లో (రిక్వెస్టు అందుకునే కోడ్), అంటే సర్వీసులో (అసలు పని చేసే కోడ్) ట్రాన్సాక్షన్ ముగిసి కమిట్ అయిపోయాకే, మార్పులు డేటాబేస్‌లో ఖాయమయ్యాకే. ఆ మెసేజ్‌లు పంపే కంపెనీ సర్వర్ ఆ రోజు ఒక్కో జవాబుకి నలభై సెకన్లు తీసుకుంటోంది. నేను టైమౌట్ పెట్టలేదు, ఆ తప్పు నాదే. కానీ మెసేజ్ ఆలస్యమైతే డేటాబేస్ కనెక్షన్‌కి ఏం సంబంధం? కమిట్ అయ్యాక అది పూల్‌కి వెళ్ళిపోయి ఉండాలి కదా!

వెళ్ళదు. ఓపెన్-ఇన్-వ్యూ ఆన్‌లో ఉంటే రిక్వెస్టు మొదలైనప్పుడు తెరిచిన హైబర్నేట్ (జావా కోడ్ తరఫున డేటాబేస్‌తో మాట్లాడే లైబ్రరీ) సెషన్, జవాబు బ్రౌజర్‌కి వెళ్ళేదాకా మూసుకోదు. మొదటి క్వెరీకి తీసుకున్న కనెక్షన్‌ని సెషన్ అంతసేపూ గుప్పిట్లో పెట్టుకునే ఉంటుంది. కంట్రోలర్, సర్వీసు, రిపాజిటరీ (డేటాబేస్‌ని అడిగే కోడ్) అని మూడు అంతస్తులు వేసి, ఎవరి తలుపు వాళ్ళకి పెట్టానని నేను మురిసిపోతుంటే, కింది అంతస్తు నీళ్ళ పైపు పై అంతస్తు దాకా తెరిచే ఉందన్నమాట. ఆ రోజు అయిదుసార్లు రీస్టార్ట్ చేశాను, అయిదుసార్లూ ఆ వార్నింగ్ లైను నా కళ్ళ ముందే లాగ్‌లో పైకి పోయింది.

ఆ సాయంత్రం మెసేజ్‌లకు మూడు సెకన్ల టైమౌట్ పెట్టి బయటపడ్డాం. తర్వాతి ఆదివారం ఓపెన్-ఇన్-వ్యూని ఆఫ్ చేశాను. చేయగానే పదిహేడు పేజీలు పగిలాయి, అన్నిట్లోనూ లేజీ ఇనిషియలైజేషన్ ఎక్సెప్షనే, అంటే సెషన్ మూసుకున్నాక ఇంకా తేని డేటా కోసం అడిగితే వచ్చే ఎర్రర్. అప్పుడు తిట్టుకున్నాను గానీ, ఒక్కో పేజీ విప్పి చూస్తుంటే ఇంకో సంగతి తెలిసింది. రోజువారీ పట్టీ పేజీలో 180 లాట్లుంటే, లాట్ల కోసం ఒక క్వెరీ, ఒక్కో లాటుకి రైతు పేరు కోసం ఒకటి, కొన్న వ్యాపారి కోసం ఇంకొకటి చొప్పున వందల క్వెరీలు వెళ్తున్నాయి. జాయిన్ ఫెచ్ (సంబంధిత డేటానీ ఒకేసారి తెచ్చుకునే పద్ధతి) పెడితే అన్నీ కలిపి ఒక్కటే క్వెరీ. నాలుగు సెకన్లు పట్టే పేజీ రెప్పపాటులో తెరుచుకుంటోంది. ఆ పేజీ నెమ్మది అని మూడేళ్ళు ఊరి ఇంటర్నెట్‌ని తిట్టాను.

2020లో ఫ్రెండ్స్‌తో "స్ప్రింగ్ బూట్ పెట్టుకుంటే సెట్టింగుల జోలికే పోనక్కర్లేదు" అని గొప్పలు పోయేవాణ్ణి. ఇప్పుడా మాట కొంచెం తగ్గించి చెప్తా. మొదటి రెండు నెలలు పోనక్కర్లేదు. ట్రాన్సాక్షనల్ అని ఒక్క మాట రాస్తే కమిట్, రోల్‌బ్యాక్ (చేసిన మార్పులు రద్దు చేయడం) అదే చూసుకుంటుందన్నది కూడా నిజమే, కాకపోతే చెక్డ్ ఎక్సెప్షన్ (కోడ్‌లో ముందే ప్రకటించాల్సిన రకం ఎర్రర్) వస్తే డిఫాల్టుగా రోల్‌బ్యాక్ చేయదు, కమిటే చేస్తుంది. దాంతో పడిన పాట్లు ఇంకోసారి.

2023లో స్ప్రింగ్ బూట్ 3కి మారాం. జావా 17 కావాలి, జావాఎక్స్ అని ఉన్న చాలా చోట్ల జకార్తా అని మార్చాలి, రెండు రోజుల పని. ఓపెన్-ఇన్-వ్యూ అందులోనూ డిఫాల్టుగా ఆన్‌లోనే ఉంది. వార్నింగూ అదే.

తీసుకోమంటారా అంటే, నా మట్టుకు నాకు సరిపోయింది. నా దగ్గర ఉన్నది ఇద్దరు కుర్రాళ్ళు, ఇద్దరూ ఇక్కడి కాలేజీల్లో జావా చదువుకుని వచ్చినవాళ్ళే, వాళ్ళను కూర్చోబెట్టి ఇంకోటి నేర్పే ఓపిక నాకు లేదు. మీ టీముకి పైథాన్ బాగా వచ్చి, చేసేది నాలుగు టేబుళ్ళ చిన్న అప్లికేషన్ అయితే ఇంత బరువు ఎందుకో ఆలోచించుకోండి. నేనైతే కొత్త ప్రాజెక్టు తెరవగానే ముందు ఓపెన్-ఇన్-వ్యూ ఆఫ్ చేస్తా, డేటాబేస్ పాస్‌వర్డ్ రాసేది ఆ తర్వాతే. మండీ అప్లికేషన్‌ని మాత్రం ఉల్లి సీజన్ అయిపోయేదాకా ఏ కొత్త వెర్షన్‌కీ మార్చను. పెద్దాయన పుస్తకం ఇంకా కాటా పక్కనే ఉంది, రోజూ రాస్తూనే ఉన్నారు.