తొమ్మిదో అంతస్తుకు ఇంటి సామాను: ప్యాకర్లా, డీసీఎంతో హమాలీలా, టాటా ఏస్ ట్రిప్పులా?

2020 ఆగస్టులో ఒకసారి, 2023 జులైలో ఇంకోసారి హన్మకొండలోని నయీంనగర్ నాలా పొంగి మా వీధిలోకి వచ్చింది. రెండోసారి బియ్యం డబ్బా, పిల్లల పుస్తకాలు సజ్జ మీదికి ఎక్కించి, మేం మంచాల మీద కూర్చుని తెల్లవార్లూ నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో చూసుకుంటూ గడిపాం. ఇక కింద ఉండేది లేదని ఆ రాత్రే అనుకున్నాం. హన్మకొండలోనే ఒక పెద్ద అపార్ట్‌మెంట్లో తొమ్మిదో అంతస్తుకు మారాం. ఏడాది తిరగకముందే తమ్ముడు హైదరాబాద్‌లో పద్నాలుగో అంతస్తు ఖాళీ చేసి కాజీపేటకు వచ్చాడు. చెల్లెలు మా పక్క బ్లాకులోనే నాలుగో అంతస్తులో దిగింది. మేం డీసీఎం (మధ్యరకం లారీ), హమాలీలను మాట్లాడుకున్నాం, తమ్ముడు ప్యాకర్స్ అండ్ మూవర్స్‌ను పిలిచాడు, చెల్లెలు టాటా ఏస్‌లో ట్రిప్పులుగా తెచ్చుకుంది. మూడిటికీ దగ్గరుండి సామాను లెక్కపెట్టింది నేనే.

అందరూ ముందు అడిగేది బండి కిరాయి ఎంత అని. కింది ఇంట్లోంచి కింది ఇంటికి పోతుంటే అది చాలు. పై అంతస్తుకు పోయేవాళ్లు మాత్రం బండి కంటే ముందు లిఫ్టు చూసుకోవాలి. ఎనిమిది మంది లిఫ్టంటే 544 కిలోలు, మనిషికి 68 కిలోల లెక్క. ఇంటి సామానుకు బరువు దగ్గర చిక్కు రాదు, కొలతల దగ్గరే వస్తుంది. మా లిఫ్టు తలుపు వెడల్పు 80 సెంటీమీటర్లు, ఎత్తు 2 మీటర్లు. మన ఇళ్లలో ఉండే ఇనుప బీరువా మామూలుగా 78 అంగుళాల ఎత్తు, 36 అంగుళాల వెడల్పు, 19 అంగుళాల లోతు. 78 అంగుళాలంటే 198 సెంటీమీటర్లు. అంటే పైన రెండు సెంటీమీటర్ల సందు కూడా లేదు.

మా హమాలీల మేస్త్రి ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి బస్తాలు మోసినవాడు. లిఫ్టు ముందు నిలబడి జానతో కొలిచి, "అక్కా, దీన్ని ఎత్తితే పోదు, గుంజితేనే పోతది" అన్నాడు. రెండు గోనె సంచులు మడిచి పరిచి, బీరువాను పక్కకు తిప్పి వాటి మీద నిలబెట్టి, ఇద్దరు పైన పట్టుకుని ఒకరు సంచి అంచు లాగుతుంటే అది వంగకుండా జారుకుంటూ లోపలికి పోయింది. గీత కూడా పడలేదు. మా ఏడడుగుల సోఫా మాత్రం ఎటు తిప్పినా పట్టలేదు. దాన్ని తొమ్మిది అంతస్తులూ మెట్ల మీదే ఎక్కించారు. అంతస్తుకు ఇంత అని వేరే అడిగితే మారుమాట లేకుండా ఇచ్చాం. అది వాళ్ల కష్టం. ముందే కొలుచుకుని ఉంటే ఆ సోఫాను పాత ఇంటి దగ్గరే అమ్మేసి వచ్చేవాళ్లం.

ఇక టైము. అపార్ట్‌మెంట్ అసోసియేషన్ వాళ్లు మాకు పొద్దున పది నుంచి రెండింటి దాకా ఒక లిఫ్టు ఇచ్చారు. నాలుగు గంటలంటే చాలా అనిపించింది. నింపడం, ఎక్కడం, దించడం, లిఫ్టు మళ్లీ కిందికి రావడం కలిపితే ఒక్కో ట్రిప్పుకు పది నిమిషాలు పట్టింది. అంటే మొత్తం ఇరవై నాలుగు ట్రిప్పులు. మా సామాను సగం మూటలు, బకెట్లు, బిందెలు, చాపలు, పూల కుండీలు. అవి ఒకదాని మీద ఒకటి నిలవవు. లిఫ్టులో కింద నిండుతుంది, పైన అంతా ఖాళీ. రెండు కొట్టేసరికి మూడో వంతు సామాను ఇంకా కింద పార్కింగ్‌లోనే ఉంది. సాయంత్రం స్కూలు పిల్లలంతా వచ్చాక మళ్లీ లిఫ్టు ఇచ్చారు. అప్పటిదాకా ఆగినందుకు హమాలీలకు ఇంకో పూట కూలి ఇచ్చాం.

తమ్ముడి ఇంటి దగ్గర దీనికి పూర్తిగా తిరగబడ్డ దృశ్యం చూశాను. ప్యాకర్లు ముందురోజే వచ్చి గిన్నెల దగ్గర్నుంచి దేవుడి పటాల దాకా అన్నీ రెండే రెండు సైజుల అట్టపెట్టెల్లో సర్దారు. మర్నాడు లిఫ్టులో అవి ఇటుకలు పేర్చినట్టు పైదాకా నిలిచాయి. పద్నాలుగో అంతస్తు మూడు గంటల్లో ఖాళీ అయింది. డబ్బు ఎక్కువ ఇచ్చి మనం కొనుక్కునేది వాళ్ల లారీని అనుకుంటాం గానీ, పై అంతస్తుల వాళ్లకు నిజంగా పనికొచ్చేది ఆ ఒకే సైజు పెట్టెలు.

ఏసీ దగ్గర కూడా వాళ్లే మేలు. పద్నాలుగో అంతస్తు బయటి గోడకున్న ఔట్‌డోర్ యూనిట్ విప్పాలంటే నడుముకు బెల్టు, తాడు ఉన్న మెకానిక్కే రావాలి. గ్యాసును ఔట్‌డోర్ యూనిట్‌లోకి లాగి బిగించాకే పైపులు విప్పాలి, లేకపోతే కొత్తింట్లో మళ్లీ గ్యాసు ఖర్చు. "నేను దిగుతా సార్, ఏంగాదు" అని ఏ హమాలీ ముందుకొచ్చినా వద్దనే చెప్పాలి. ఇందులో డబ్బు ఆదా చూసుకోవద్దని చేతులెత్తి అడుగుతున్నాను.

రోడ్డెక్కాక మాత్రం ప్యాకర్ల మీద మాకు నమ్మకం పోయింది. ఫోన్లో ఒక రేటు చెప్పారు, సామాను ఎక్కాక ఇంకో రేటు అన్నారు. ఇంకో ఇంటి సామాను కూడా అదే బండిలో వేశారు. 150 కిలోమీటర్లు కూడా లేని కాజీపేటకు అది మూడో రోజు చేరింది. రెండు రాత్రులు పసిపిల్లతో మరదలు మా ఇంట్లో చాప మీద పడుకుంది. పైగా రెండు పెట్టెలు మారిపోయి వచ్చాయి. కాబట్టి ప్యాకర్లను పిలిచేవాళ్లు బండి మొత్తం మనకేనా, ఏ రోజు ఎన్నింటికి చేరుస్తారు, చెప్పిన రేటులో మెట్లెక్కించే కూలి ఉందా, ఈ మూడూ కాగితం మీద రాయించుకోండి. ఇన్సూరెన్స్ కాగితం కూడా చదవండి. తమ్ముడి కాగితంలో, వాళ్లు సర్దిన పెట్టెలకే పరిహారం అని ఉంది. వాడు తనే సర్దుకున్న పెట్టెలో పగిలిన మిక్సీ జార్లకు పైసా రాలేదు.

టాటా ఏస్ సంగతి తొందరగా తేలిపోతుంది. వెనక డాలా ఏడడుగుల పొడవు, ఐదడుగుల లోపు వెడల్పు. ఒక్క బెడ్‌రూం సామానుకు, అదీ ఊళ్లో ఊళ్లోనే అయితే ఇంతకంటే చవక లేదు. కానీ లిఫ్టు ఒక్కరోజే ఇస్తామనే చోట ట్రిప్పుల పద్ధతి నడవదు. చెల్లెలి నాలుగో ట్రిప్పు ములుగు రోడ్డు ట్రాఫిక్‌లో ఆగింది. ఇక్కడ లిఫ్టు టైము అయిపోయింది. మంచం చెక్కలు మెట్ల మీదే పోయాయి. ముందురోజు వంట సామాను, దేవుడి సామాను తెచ్చుకోవడానికైతే ఏస్ బంగారం లాంటిది.

ఎప్పుడు మారాలన్నదీ ఖర్చులో భాగమే. జూన్ 12న బడులు తెరుస్తారని మే నెలాఖరున అందరూ ఒకేసారి కదులుతారు. ఎండ నలభై దాటి ఉంటుంది, హమాలీలు దొరకరు. ఆషాఢంలో ఎవరూ కదలరు కాబట్టి బండ్లు, మనుషులు, లిఫ్టు అన్నీ సులువుగా దొరుకుతాయి, కానీ కొత్తింట్లో కాలు పెట్టడానికి పెద్దవాళ్లు ఒప్పుకోరు. మా అత్తమ్మే దారి చెప్పింది. జ్యేష్ఠంలో మంచిరోజు చూసి పాలు పొంగించి, దీపం పెట్టి, ఆ రాత్రి అక్కడే పడుకున్నాం. సామాను ఆషాఢంలో నెమ్మదిగా తెచ్చుకున్నాం. వానకు పరుపులన్నిటికీ టార్పాలిన్ చుట్టాల్సి వచ్చింది, అంతే.

ఇక ఎవరికి ఏది మేలు? హైదరాబాద్‌లో పై అంతస్తు ఖాళీ చేసి ఇటు వచ్చేవాళ్లకు, పసిపిల్లలు, ముసలివాళ్లు ఉన్న ఇంటికి ప్యాకర్లే నయం. బండి మొత్తం మనకే ఉండాలన్నది మాత్రం వదలొద్దు. వచ్చేముందు అసోసియేషన్ దగ్గర బాకీ లేదన్న కాగితం, గేట్ పాస్ తీసుకోండి. అవి లేకుండా వాచ్‌మన్ బండిని గేటు దాటనివ్వడు. తమ్ముడి బండి గంటన్నర అక్కడే నిలబడింది.

వరంగల్, హన్మకొండ, కాజీపేటల్లోనే ఒక చోటి నుంచి ఇంకో చోటికి అయితే నా ఓటు డీసీఎంకే. మాకు ప్యాకర్లు చెప్పిన రేటులో సగం కూడా కాలేదు, బండి ఉదయం ఎక్కితే ఉదయమే దిగింది, మన సామాను మన కళ్ల ముందే ఉంది. కాకపోతే పెట్టెల పని మనమే చేసుకోవాలి. నెల ముందు నుంచి వరంగల్ పిన్నవారి వీధిలోని హోల్‌సేల్ కొట్లలో ఒకే సైజు అట్టపెట్టెలు అడిగి తెచ్చుకోండి. బకెట్లు, బిందెల్లో కూడా బట్టలు కుక్కి పెట్టెల్లోనే పెట్టండి. ఏసీకి, టీవీకి వేరే మెకానిక్‌ను పిలవండి. లిఫ్టును అటెండెంట్ మోడ్‌లో పెట్టమని సూపర్‌వైజర్‌ను అడగండి. అప్పుడు తలుపు దానంతటది మూసుకోదు, పెట్టె అడ్డం పెట్టి సెన్సర్ పాడుచేసే పని ఉండదు. లిఫ్టు గోడలకు దుప్పట్లు కట్టించండి, గీతలు పడకపోతే అసోసియేషన్ దగ్గర కట్టిన డిపాజిట్ నిలుస్తుంది. ఫ్రిజ్‌ను పడుకోబెట్టకుండా నిలబెట్టే తెచ్చి, కొన్ని గంటలు ఆగి స్విచ్ వేయండి.

వచ్చే నెల మా ఆడపడుచు వాళ్లు ఇదే బ్లాకులో పదకొండో అంతస్తుకు వస్తున్నారు. డీసీఎం ఇంకా మాట్లాడలేదు. నిన్న ఆదివారం వదినె టేపు పట్టుకుని వచ్చి లిఫ్టు తలుపు, లోపలి గోడలు, పదకొండో అంతస్తు మెట్ల మలుపు కొలిచి రాసుకుని వెళ్లింది. వాళ్ల డైనింగ్ టేబుల్ పట్టదు. కాళ్లు విప్పడానికి వడ్రంగిని మాట్లాడాం.