సంతలో సువార్త: ఆటో మైకా, కరపత్రమా, పుస్తకాల బల్లా?

ఒడిశాలో రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి వైపు తెలుగు క్రైస్తవ సంఘాల్లో కోతలు అయిపోయాయంటే ఏటా ఇదే చర్చ. యూత్ వాళ్లు ఆటోకి మైకు కట్టి సంతకి పోదామంటారు. పెద్దలేమో ఆ గోలెందుకు, కరపత్రాలు అచ్చేయించి రైల్వే స్టేషన్ దగ్గర పంచితే చాలదా అంటారు. ఈలోపు ఎవరో ఒకరు లేచి, వైజాగ్ నుంచి పేరున్న దైవజనుణ్ని పిలిచి స్వస్థత కూటం పెడదాం, గ్రౌండ్ నిండిపోతుంది అంటారు. నా ఓటు ఈ మూడింటికీ కాదు. సంతలో ఓ మూల చిన్న బల్ల వేసుకుని, దాని మీద నాలుగు పుస్తకాలు పెట్టుకుని కూర్చోవడమే మన జిల్లాలకి సరిపోయే పద్ధతి అంటాను. అలాగని మిగతావన్నీ దండగ అనడం లేదు.

ముందు మైకు సంగతి. చదువు రానివాళ్లకి కూడా వినిపిస్తుంది, అది దాని బలం. పైగా ఎవరినీ ఆపి మాట్లాడక్కర్లేదు కాబట్టి మొహమాటం ఉన్న కుర్రాళ్లకి కూడా నోరు పెగులుతుంది. పాటయితే మరీ మేలు. పర్లాకిమిడి సీమవాడే అయిన పురుషోత్తమ చౌదరి (1803–1890) కీర్తనలు ఇన్నేళ్ల తర్వాత కూడా తెలుగు సంఘాల్లో పాడుతున్నారంటే పాటకి ఉన్న ఆయుష్షు ఏపాటిదో తెలుస్తూనే ఉంది. కంజీర పట్టుకుని ఇద్దరు పాడితే బేరం చేస్తున్న మనిషి కూడా ఒక్క క్షణం తల తిప్పుతాడు.

తిప్పాక ఏం జరుగుతుందన్నదే ప్రశ్న. ఇప్పపువ్వు బుట్టలు, చింతపండు, ఎండుచేపలు, కాళ్లు కట్టేసిన కోళ్లు, పక్కనే దుప్పట్ల సేలు అని అరిచే ఇంకో మైకు, వాటి మధ్యలో మనవాడు స్పష్టమైన తెలుగులో అరగంట ప్రసంగం చేస్తాడు. వింటున్నది కొండ దిగివచ్చిన సవర ఆవిడ, కువి మాట్లాడే కంధ కుర్రాడు, ఒడియా షావుకారు. బేరానికి సరిపడా తెలుగు వాళ్లకి వస్తుంది, నిజమే, కానీ పాపం, కృప, విమోచన అంటే అందుతుందా? గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో పాఠాలు చెప్పుకుంటూనే సవరల మాట నేర్చుకుని, దానికి వ్యాకరణం, నిఘంటువు తయారుచేశారు. ఆయనేమీ సువార్తికుడు కాదు. అయినా ఎదుటి మనిషి మాట నేర్చుకోవాలన్న పట్టుదలలో మనకంటే చాలా ముందున్నాడు.

ఇక చట్టం. ఇది మైకు పట్టుకునే ప్రతివాడికీ తెలిసి ఉండాలి, చాలామందికి తెలీదు. ఒడిశాలో 1967 నుంచీ మతస్వేచ్ఛ చట్టం ఉంది, స్వాతంత్ర్యం వచ్చాక ఇలాంటి చట్టం తెచ్చిన మొదటి రాష్ట్రం మనదే. హైకోర్టు దాన్ని కొట్టేస్తే 1977లో సుప్రీంకోర్టు మళ్లీ నిలబెట్టింది. రాజ్యాంగం 25వ అధికరణం కింద మన విశ్వాసం ఏంటో నలుగురికీ వివరించి చెప్పే హక్కు మనకుంది, ఇంకొకరిని మార్చే హక్కు మాత్రం అందులో లేదు అని ఆ తీర్పు సారాంశం. బలవంతం, మోసం, ప్రలోభాలతో మతం మార్చడం ఈ చట్టం కింద నేరం. బలవంతం అంటే చెయ్యి చేసుకోవడమే అనుకుంటాం కదా, దేవుడి కోపం వస్తుందని బెదిరించడం కూడా అందులోకే వస్తుందని చట్టంలోనే రాసుంది. ఇప్పుడు మన మైకు ప్రసంగాలు ఒకసారి గుర్తుచేసుకోండి. "ఈ రాత్రే నీ ప్రాణం పోతే ఎక్కడుంటావు, అగ్నిగుండంలోనే" అని గొంతు చించుకోవడం మన దగ్గర మామూలే. సంఘంలో కూర్చున్నవాళ్లకి అది అలవాటైన మాట, సంతలో ముక్కూమొహం తెలియని మనిషికి మాత్రం అది బెదిరింపులాగే వినిపిస్తుంది. ఎవరో ఫోన్లో రికార్డు చేస్తే పోలీస్ స్టేషన్లో కూర్చుని అది బెదిరింపు కాదని నిరూపించుకోవాలి. ఎదుటివాళ్ల దేవుళ్ల మీద ఒక్క ఎగతాళి మాట పడిందా, దానికి వేరే సెక్షన్లు ఎలాగూ ఉన్నాయి. మైకుకి ముందుగా రాతపూర్వక అనుమతి కావాలని 2000 నాటి శబ్ద నియమాలు చెప్తున్నాయి, అది కూడా తీసుకోకుండా వెళ్లేవాళ్లని చూశాను.

నాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఇంకొకటి. మైకు పట్టినవాళ్లు సాయంత్రం పాసింజరెక్కి పార్వతీపురమో విజయనగరమో వెళ్లిపోతారు. ఆ సంతకి వచ్చే పల్లెల్లో రెండో మూడో విశ్వాసి కుటుంబాలు ఉంటాయి. మర్నాడు బోరింగు దగ్గర మాటలు పడేది వాళ్లు. 1999లో మనోహర్‌పూర్‌లో మిషనరీ గ్రాహం స్టెయిన్స్‌నీ ఆయన ఇద్దరు కొడుకుల్నీ సజీవదహనం చేయడం, 2008లో కంధమాల్‌లో క్రైస్తవుల మీద దాడులు, ఈ రెండూ జరిగిన రాష్ట్రం ఇది, కంధమాల్ మన రాయగడ, గజపతి జిల్లాలకి సరిహద్దే. బయటి మనిషి ధైర్యానికి లోపలి మనిషి మూల్యం కట్టే పద్ధతి ఏదైనా సరే నాకు నచ్చదు.

కరపత్రానికి ఈ చిక్కులు తక్కువ. చవక, చప్పుడు చెయ్యదు, తీసుకున్నవాడు ఇంటికెళ్లి తలుపేసుకుని ఎవరూ చూడకుండా చదువుకోవచ్చు. రైలు దగ్గర, బస్టాండులో, ఆసుపత్రి బయట ఎదురుచూసేవాళ్ల చేతికి కాగితం ఇస్తే చదువుతారు కూడా. కానీ సంతలో? బజ్జీల బండి దగ్గర నిలబడి చూడండి. ‘నిత్యజీవము’ అన్న పెద్దక్షరాల మీద నూనె మరక పరుచుకుని, దాంట్లో మిరపకాయ బజ్జీ రెండు ముక్కలు. బండివాడి తప్పేం లేదు, ఉచితంగా దొరికిన దళసరి కాగితం. ఇంకో సంగతి, మనం అచ్చేయించేది తెలుగులో. రాయగడలో, పేపర్ మిల్లు ఉన్న జేకేపూర్‌లో పుట్టి పెరిగిన తెలుగు పిల్లల్లో చాలామంది ఇంట్లో తెలుగే మాట్లాడతారు, బళ్లో చదివేది మాత్రం ఒడియా, ఇంగ్లీషు. తెలుగు కరపత్రం ఇస్తే మర్యాదకి తీసుకుని అమ్మకిచ్చేస్తారు. కనీసం ఒక పక్క ఒడియా, ఇంకో పక్క తెలుగు వేయిస్తే సగం ఖర్చు కలిసొస్తుంది.

స్వస్థత కూటం గురించి ఎక్కువ చెప్పను. రోగి కోసం ప్రార్థన చెయ్యడం వేరు, పోస్టరు మీద క్యాన్సర్, మూర్ఛ, షుగర్ మాయం అని వేయించడం వేరు. అలాంటి మహిమల ప్రకటనల మీద 1954 నుంచే కేంద్ర చట్టం ఉంది. తమాషా ఏంటంటే అదే 1954లో మన రాయగడ జిల్లా బిస్సంకటక్‌లో లిస్ మాడ్సెన్ అనే డేనిష్ డాక్టరమ్మ క్రిస్టియన్ ఆసుపత్రి మొదలుపెట్టారు, అది ఇప్పటికీ నడుస్తోంది. కొండల్లో మలేరియా పట్టినవాళ్లకి ఏది ఉపకారమో వేరే చెప్పాలా? పైగా కూటంలో మందు మానేసి ఇంటికెళ్లిన ఒక్క మనిషికి ఏమైనా అయితే, ఆ ఊళ్లో క్రీస్తు పేరెత్తడానికి ఓ తరం పడుతుంది.

ఇప్పుడు నా బల్ల. సంతని వేలంపాటలో పాడుకున్నవాడి దగ్గరికెళ్లి, అందరిలాగే ఆశీలు కట్టి చోటు తీసుకోవాలి. అది కట్టిన క్షణం నుంచి మనం చొరబడ్డవాళ్లం కాదు, ఉల్లిపాయల ఆవిడ పక్కన కొట్టు పెట్టుకున్నవాళ్లం. ఒడియా, తెలుగు సువార్త పుస్తకాలు విడివిడిగా, సవర, కువి భాషల్లో కూడా కొత్త నిబంధన ఉంది, అవీ. పదో ఇరవయ్యో ధర పెట్టండి. డబ్బు కోసం కాదు, పది రూపాయలు పెట్టి కొన్న పుస్తకంలో ఎవరూ బజ్జీలు కట్టరు. ఇంకో లాభం, అమ్మిన పుస్తకాన్ని ప్రలోభం అని ఎవడూ అనలేడు. దుప్పట్లు, బియ్యం మాత్రం ఆ బల్ల దగ్గర ససేమిరా వద్దు. పేదవాడికి దుప్పటి ఇవ్వాలనుకుంటే ఇంకో రోజు, పుస్తకం లేకుండా ఇవ్వండి.

బల్ల దగ్గర జరిగేది మైకు దగ్గర జరగనిది ఒక్కటే, ఎదుటివాడు అడగగలడు. ఏం అడుగుతారో తెలుసా? త్రిత్వం గురించి కాదు. పుస్తకం అటూ ఇటూ తిప్పి, చుట్టుపక్కల చూసి, గొంతు తగ్గించి ఓ ఎస్సీ కుర్రాడు అడుగుతాడు, "అన్నా, మీలో కలిస్తే సర్టిఫికెట్ పోతుందట కదా?" పోతుంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా హిందూ, సిక్కు, బౌద్ధులకే. ఎస్టీలకి ఆ షరతు లేదు. ఈ మాట దాచకుండా చెప్పాలి, చెప్తే ఆ కుర్రాడు లేచి వెళ్లిపోవచ్చు. వెళ్లనివ్వండి. నిజం చెప్పినవాళ్లు అన్న గుర్తింపుతో వెళ్తాడు, ఆ తర్వాత ఏం చేసుకుంటాడన్నది అతని ఇష్టం. చాలా మైకు ప్రసంగాలు ఈ ఒక్క ప్రశ్న రాకుండా జాగ్రత్తపడతాయని నా అనుమానం.

మైకు పక్షం వాళ్లు పౌలుని చూపిస్తారు, ఏథెన్సు సంతలో ప్రకటించలేదా అని. అపొస్తలుల కార్యములు 17వ అధ్యాయం మళ్లీ చదవండి. రోజూ సంతకెళ్లి ఎదురైనవాళ్లతో వాదించాడు, వాళ్లు ఎదురు మాట్లాడారు, వాగుడుకాయ అని వెక్కిరించారు, వివరంగా చెప్పమని తీసుకెళ్లిందీ వాళ్లే. స్పీకరు బాక్సుకి ఎదురు మాట్లాడటం ఎవరివల్లా కాదు కదా. సమరయ స్త్రీ దగ్గర యేసు అయితే మొదట మంచినీళ్లు అడిగాడు, బోధ తర్వాత.

బల్లకి లోపాలు లేవా అంటే బోలెడు. నెమ్మది. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా కూర్చున్నా ఒక్కోసారి ఈగలు తోలుకోవడమే, యూత్ వాళ్లు గంటకే ఫోన్లు తీస్తారు. ఇద్దరు మగాళ్లు కూర్చున్న బల్ల దగ్గరికి ఆడవాళ్లు రారు, కాబట్టి సంఘంలో ఓ అక్కనో మామ్మనో తప్పకుండా కూర్చోబెట్టాలి, వీలైతే బల్ల వెనక కాదు, పక్కన గోనె పరుచుకుని. చదవలేనివాళ్లకి ఫోన్లో వాక్యం వినిపించొచ్చు, కానీ చిన్నగా, అడిగినవాళ్లకే. ముఖ్యంగా కువి, సవర వచ్చిన స్థానిక విశ్వాసి ముందు కూర్చోవాలి, పట్నం నుంచి వచ్చిన మనం వెనకాల టీలు అందిస్తే చాలు. అతను భయంగా ఉంది వద్దు అంటే ఆ సంతలో బల్ల కూడా వద్దు. ఆ ఊళ్లో ఉండేది అతను, తేల్చాల్సిందీ అతనే. మారుతానని ఎవరైనా అప్పటికప్పుడే అంటే సంబరపడిపోయి నీళ్ల దగ్గరికి తీసుకెళ్లిపోకండి. బాప్తిస్మానికి ముందే కలెక్టరుకి తెలియజేయాలని 1989 నియమాలున్నాయి, ఓ మంచి వకీలుని కలిసి, ఇంట్లోవాళ్లతో మాట్లాడి, నెలలు పట్టినా పట్టనివ్వండి.

ఈపాటికే ఆటోకి అడ్వాన్సు ఇచ్చేశాం అంటారా, సరే. క్రిస్మస్ ముందు టౌన్లో మన తెలుగు వీధుల్లో, అనుమతి తీసుకుని, పాటలకి వాడుకోండి. ప్రసంగం చేసేవాణ్ని మాత్రం ఆటో ఎక్కించకండి.