ఎర్ర శాన్ స్టార్మ్‌కి టోకెన్ అడుగుతున్నారా? డబ్బు పంపకండి

హైదరాబాద్‌లో పాత స్పోర్ట్స్ కారు కొని బాగు చేయించుకుందామని చూస్తున్న వాళ్లందరికీ ఇది. ఎర్ర రంగు శాన్ స్టార్మ్, మహారాష్ట్ర నంబర్, "చిన్న ఇంజిన్ పని ఉంది, పేపర్లు క్లియర్" అంటూ ఫొటోలు తిరుగుతున్నాయి. దయచేసి దానికి టోకెన్ పంపకండి. నేనిచ్చిన 25,000 రూపాయలు ఇప్పటికీ వెనక్కి రాలేదు, ఆ కారును మాత్రం వేరే ఫోన్ నంబర్‌తో మళ్లీ అమ్మకానికి పెట్టారు.

స్టార్మ్ గురించి తెలియని వాళ్ల కోసం రెండు ముక్కలు. 1990ల చివర్లో గోవాలో తయారైన రెండు సీట్ల ఓపెన్ టాప్ కారు ఇది. రెనో 1149 సీసీ పెట్రోల్ ఇంజిన్, పైన ఫైబర్ బాడీ. పవర్ 60 హార్స్‌పవర్ దరిదాపుల్లోనే, కానీ మన దేశంలో తయారైన రోడ్‌స్టర్లే బహు తక్కువ కాబట్టి ఒకటి అమ్మకానికి వచ్చిందంటే ఇష్టపడేవాళ్లం ఆగలేం. ఆ ఇష్టాన్నే ఈ కారు అమ్మేవాళ్లు సొమ్ము చేసుకుంటున్నారు, నాకు ఎక్కువ బాధ కలిగించింది అదే.

టోకెన్ ఇచ్చేటప్పుడే రసీదు మీద "ఇంజిన్, ఛాసీ నంబర్లు ఆర్‌సీతో కలవకపోతే పూర్తి డబ్బు వాపస్" అని రాయించి సంతకం పెట్టించుకున్నాను. తర్వాత తెలిసిన మెకానిక్ అన్నను వెంటబెట్టుకుని వాళ్ల షెడ్డుకి వెళ్లాను. బానెట్ ఎత్తి టార్చ్ వేయగానే అన్న, "ఇది రెనో ఇంజినే కాదు, వేరే ఏదో చిన్న కారుది తెచ్చి కూర్చోబెట్టారు" అన్నాడు. పైగా నంబర్ ఉండాల్సిన చోట గ్రైండర్ పెట్టి చెరిపేసిన గీతలు కనిపించాయి. అడిగితే ఒరిజినల్ ఇంజిన్ గోడౌన్‌లో ఉందట, కారుతో పాటు ఇస్తారట. సరే ఇప్పుడే చూపించండి అంటే తాళం లేదన్నారు. డబ్బు వాపస్ ఇమ్మంటే, "మీ కోసం కారు ఆపినం, వేరే పార్టీ పోయింది, టోకెన్ రాదు" అని గొంతు పెంచారు. రసీదు చూపిస్తే ఆ సంతకం చేసిన మనిషి ఇప్పుడు తమ దగ్గర పని చేయట్లేదన్నారు!

ఇంజిన్ మారితే ఏమైంది, నడిస్తే చాలు కదా అని కొందరు అంటారు. అలా కుదరదు. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం ఆర్టీవో అనుమతి లేకుండా ఇంజిన్ మార్చకూడదు, ఆర్‌సీలో ఉన్న నంబర్ బండి మీద లేకపోతే ఇన్‌స్పెక్షన్‌లోనే ఆగిపోతుంది. ఇక చెరిపేసిన నంబర్ అంటే అది దొంగబండి ఇంజిన్ కూడా కావచ్చు, అప్పుడు పోలీసులు వచ్చేది మన ఇంటికే. మీరు లక్షలు పోసి పెయింట్ వేయించి, పైన గుడ్డ టాప్ కొత్తది కుట్టించి, సీట్లు చేయించినా ఆ కారు గేటు దాటి రోడ్డెక్కదు.

ఇంకో అబద్ధం కూడా చెప్తున్నారు. ఆర్‌సీ గడువు అయిపోయింది కదా అంటే, "వింటేజ్ కింద రిజిస్టర్ చేయిస్తాం" అంటున్నారు. 2021లో వచ్చిన రూల్స్ ప్రకారం వింటేజ్ అనాలంటే మొదటి రిజిస్ట్రేషన్ అయ్యి 50 ఏళ్లు దాటాలి, అప్పుడు కూడా దాన్ని రోజువారీ తిరగడానికి వాడకూడదు. 1990ల కారుకి ఆ దారే లేదు. మామూలు రెన్యువలే చేయించాలి: 15 ఏళ్ల తర్వాత ఐదేళ్లకోసారి, 20 ఏళ్లు దాటిన కారుకైతే 2025 ఆగస్టులో పెంచిన ప్రకారం ఫీజే 10,000, దాని మీద ఆలస్యం ఫీజు, గ్రీన్ ట్యాక్స్ వేరు. బయటి రాష్ట్రం బండి అయితే అక్కడి ఆర్టీవో నుంచి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) తెచ్చుకుని ఇక్కడ లైఫ్ ట్యాక్స్ కట్టాలి. ఓనర్ చనిపోయి ఉంటే వారసుల పేరు మీదికి మారాకే మీ పేరు మీదికి వస్తుంది. ఈ లెక్కంతా వేసుకున్నాకే కారు ధర మాట్లాడండి.

బండి చూడ్డానికి వెళ్తే మాగ్నెట్ పెట్టి, సొట్టలు పూడ్చిన పుట్టీ ఎక్కడుందో చెక్ చేసే పద్ధతి స్టార్మ్‌కి పని చేయదు, ఫైబర్‌కి మాగ్నెట్ అంటుకోదు కదా. పై బాడీ మెరుస్తూనే ఉంటుంది, తుప్పు పట్టేది కింద ఉన్న ఉక్కు ఫ్రేమే. లిఫ్ట్ మీద పెట్టించి, కొత్తగా వేసిన నల్ల అండర్‌కోటింగ్ ఉంటే దాన్ని గీకి మరీ చూడండి. ముందు వైపు అద్దం (విండ్‌షీల్డ్), డోర్ రబ్బర్లు, టాప్ ఫ్రేమ్ ఉన్నాయో లేదో చూడండి. బేరింగులు, హోస్‌లు, బ్రేక్ సామాను లాంటివి కొలత పట్టుకుని పుత్లీబౌలి, రాణిగంజ్ స్పేర్ పార్టుల షాపుల్లో తిరిగితే ఏదో ఒకటి సర్దుబాటు అవుతుంది, అద్దం మాత్రం కాదు.

అసలు షెడ్డు దాకా వెళ్లకముందే ఛాసీ నంబర్, ఇంజిన్ నంబర్ క్లియర్‌గా కనిపించేలా వీడియో అడగండి, ఆర్‌సీ వివరాలు ప్రభుత్వ వెబ్‌సైట్ పరివాహన్‌లో చూసుకోండి, బ్యాంకు లోన్ ఎంట్రీ మిగిలి ఉందేమో కూడా. నంబర్ ప్లేటు మీద వేలు పెట్టి ఫొటో పంపేవాళ్లతో మాట కూడా వద్దు.

రసీదు, యూపీఐ పేమెంట్ వివరాలు జతచేసి పోలీస్ స్టేషన్‌లో కంప్లయింట్ ఇచ్చాను, కన్స్యూమర్ హెల్ప్‌లైన్ 1915లో కూడా నమోదు చేయించాను. ఇదే కారుకి మీరు ఎవరైనా టోకెన్ కట్టి ఉంటే నాకు మెసేజ్ పెట్టండి, అందరం కలిసి వెళ్తే స్టేషన్‌లో మన మాటకి బలం ఉంటుంది. నంబర్లు కలిసే, ఆర్‌సీ ప్రాణంతో ఉన్న స్టార్మ్ మీ ఎరుకలో ఉంటే అదీ చెప్పండి, ఇంజిన్ జామ్ అయి ఉన్నా సరే వచ్చి చూస్తాను.