సాంబ మసూరా, 1010నా? దుబ్బు మొదట్లో చూస్తే తెలిసింది

మృగశిర కార్తె వస్తుందంటే చాలు, ఊళ్లో ఎవరు ఎదురుపడ్డా ఒకటే మాట: "ఈసారి ఏ నారు పోస్తున్నవే?" సాగర్ ఎడమ కాల్వ కింద మాకున్నది మూడెకరాలు. ఒక వానాకాలం పక్కపక్క మళ్లల్లో సాంబ మసూరి, 1010 అనే రెండు వరి రకాలూ వేశాను. ఆ అనుభవంతోనే ఈ నాలుగు ముక్కలు.

సాంబ మసూరి అంటే బాపట్ల నుంచి 1986లో వచ్చిన బీపీటీ 5204. మిల్లు దగ్గర గుప్పెడు వడ్లు అరచేతిలో నలిపి చూసేవాడి మొహం వెలిగేది దీనికే. మా ఇంట్లో తినేదీ ఇదే. కానీ పంటకాలం 145 నుంచి 150 రోజులు. ఎండాకు తెగులు, అగ్గితెగులు, ఉల్లికోడు, దుబ్బు మొదట్లో చేరి రసం పీల్చే సుడిదోమ, ఏది ఊళ్లోకొచ్చినా ముందు తలుపు తట్టేది దీన్నే.

1010 అంటే మార్టేరు వరి పరిశోధన కేంద్రం ఇచ్చిన ఎంటీయూ 1010. 2000లో కాటన్‌దొర సన్నాలు అని పేరు పెట్టి వదిలారు. పేరులో సన్నాలున్నా మా కాంటా మీద అది దొడ్డు రకమే. 120 రోజుల్లో కోతకొస్తుంది, సుడిదోమను తట్టుకుంటుంది. తట్టుకుంటుందంటే దోమ రాదని కాదు, వచ్చినా పైరు అంత తొందరగా పడిపోదని.

ఆ నెల రోజుల తేడాను చాలామంది నీళ్ల లెక్కలోనే చూస్తారు, దోమ లెక్కలో చూడరు. సుడిదోమ గుడ్డు నుంచి పెద్దదయ్యేసరికి మూడు నాలుగు వారాలు. అంటే సాంబ మడిలో దానికి ఇంకో తరం పిల్లలు పెట్టే వ్యవధి దొరుకుతుంది. 1010 గట్టితనంలో కొంత రకానిదైతే, కొంత ముందుగా కోసుకోవడానిది.

ఇక నేను చేసిన పని. ఆగస్టులో రెండు మళ్లల్లోనూ ఆకుముడత పురుగు కనబడింది. మందుల షాపులో ఇచ్చిన సింథటిక్ పైరిథ్రాయిడ్ రకం పురుగుమందు రెండింటికీ కొట్టాను. ముడత పోయింది. దాంతోపాటు దోమను తినే సాలీళ్లు, మిరిడ్ నల్లులూ పోయాయి. పైరు నల్లగా నిగనిగలాడాలని ఇంకో బస్తా యూరియా కూడా చల్లాను. అక్టోబరు మొదట్లో నీళ్లలో దిగి, సాంబ దుబ్బును పక్కకు వంచి మొదట్లో అరచేత్తో రెండు దెబ్బలు కొట్టి చూశాను. గోధుమరంగు పురుగులు నీళ్ల మీద పడి, పీతల్లా అడ్డంగా నడుస్తూ పక్క దుబ్బెక్కుతున్నాయి. ముప్పై దాకా లెక్కపెట్టి మానేశా. దుబ్బుకు 10–15 ఉంటేనే మందు కొట్టాలంటారు. పక్క మడిలో 1010 దుబ్బుకు ఆరో ఏడో.

పది రోజుల్లో సాంబ మడిలో ఆరు గుంటల మేర పైరు సుడులు సుడులుగా ఎండి పడిపోయింది. 1010 నిలబడింది. తప్పులు రెండు మళ్లల్లోనూ అవే. ఒక రకం క్షమించింది, ఇంకోటి క్షమించలేదు.

అయినా సాంబ వద్దని చెప్పను. 2024 వానాకాలం నుంచి తెలంగాణ ప్రభుత్వం సన్నాలకు క్వింటాకు 500 రూపాయల బోనస్ ప్రకటించింది. ఎకరాకు 24 క్వింటాళ్లు పండితే అదే 12 వేలు. దోమ మందు రెండుసార్లు కొట్టినా కొంత మిగులుతుంది. కాకపోతే నాటేనాడే ప్రతి 2 మీటర్లకు 20 సెంటీమీటర్ల కాలిబాట తూర్పు పడమరగా వదలాలి. యూరియా దగ్గర చెయ్యి బిగబట్టాలి, అప్పుడప్పుడు మడి ఆరగట్టాలి. దోమ లెక్క దాటితే పైమెట్రోజిన్ అనే దోమమందు ఎకరాకు 120 గ్రాములు, అదీ దుబ్బుల మొదళ్లు తడిసేలా. ఆకుల మీద నుంచి కొట్టుకుంటూ పోతే దోమ కింద హాయిగా కూర్చుంటుంది.

"ఇంప్రూవ్డ్ సాంబ ఉంది కదా" అంటారు. 2008లో హైదరాబాద్ వరి పరిశోధన సంస్థ, అక్కడి జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ కలిసి ఇచ్చిన ఆ రకంలో చేర్చిన మూడు జన్యువులూ ఎండాకు తెగులు కోసం. దోమకు వాటితో పనిలేదు. రాజేంద్రనగర్ నుంచి 2015లో వచ్చిన తెలంగాణ సోనా మధ్యేమార్గం: సన్నం, 125 రోజులు, అగ్గితెగులుకు ఓర్పు. దాని తల్లి 1010యే. అలాగని దుబ్బు వంచి చూడటం నేను మానను.

యాసంగికైతే ఆలోచన అక్కర్లేదు, 1010. ఏప్రిల్, మే ఎండలకు సన్నాల గింజ పగిలి మిల్లులో నూకవుతుంది. 2025లో కాకినాడ రేవు మీదుగా తెలంగాణ నుంచి ఫిలిప్పీన్స్‌కు వెళ్లిందీ 1010 బియ్యమే. అన్నట్టు దోమను తట్టుకునే ఐఆర్ 26 అనే వరి రకం 1973లో వచ్చింది ఆ దేశం నుంచే. నాలుగేళ్లు తిరక్కుండానే కొత్త తరహా దోమ దాన్ని లొంగదీసింది. అందుకే 1010ని కూడా గుడ్డిగా నమ్మలేను.

ఈ వానాకాలం కాల్వ చివర, నేను వారానికోసారి పోయే ఎకరంలో 1010. మధ్య ఎకరంలో సోనా. ఇంటి వెనక, పళ్లు తోముకుంటూ దిగి దుబ్బు కొట్టి చూడగలిగిన మడిలో సాంబ.